వెబ్‌లో మూడో కొలత: ఎక్కడ అందం, ఎక్కడ భారం?

వెబ్ పేజీ పుస్తకంలో కాగితంలా బల్లపరుపుగా ఉంటే చాలా, లేక గదిలా లోతుగా ఉండి మనం అందులో తిరగగలగాలా? ఈ తగాదా కొత్తదేమీ కాదు. వెబ్ వయసెంతో దీని వయసూ దాదాపు అంతే. కొన్నేళ్ళకొకసారి ఎవరో ఒకరు లేచి "ఇక పేజీల కాలం చెల్లింది, రేపటినుంచి అంతా త్రీడీయే" అని ప్రకటిస్తూ ఉంటారు. ఆ రేపు వస్తుంది, వెళుతుంది, మనం మాత్రం మామూలు పేజీలోనే పంచాంగం చూసుకుంటూ ఉంటాం. అలాగని త్రీడీ ఓడిపోయిందా అంటే అదీ కాదు. ప్రస్తుతం మా ఊరి తెలుగు సంఘంలో ఈ విషయం మీద డబ్బు ఖర్చు పెట్టాలా వద్దా అన్న చర్చ జోరుగా నడుస్తోంది కనక, నాకిది ఉబుసుపోక కబురు కాదు. గ్రాఫిక్స్ పని చేసి పొట్ట పోసుకున్నవాడిని కాబట్టి తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

పిల్లలూ, ముందు మీకో మాట. కంప్యూటర్‌కి బంతి అంటే ఏమిటో తెలీదు, ఏనుగంటే ఏమిటో తెలీదు. దానికి తెలిసింది త్రిభుజం ఒక్కటే. ఎందుకో తెలుసా? మూడు కాళ్ళ పీటని ఎగుడుదిగుడు నేల మీద పెట్టి చూడండి, ఊగదు. నాలుగు కాళ్ళ కుర్చీ ఊగుతుంది. మూడు చుక్కలు ఎక్కడ పెట్టినా వాటి మధ్య ఒక చదునైన అట్టముక్క సరిగ్గా అమరుతుంది. నాలుగో చుక్క పెట్టగానే అట్ట వంకర పోయే ప్రమాదం ఉంది. అందుకని త్రీడీలో ప్రతి వస్తువునీ త్రిభుజాలుగా కోసేస్తారు. పాచికకి 6 ముఖాలు, ఒక్కో ముఖాన్నీ మూలనుంచి మూలకి కోస్తే 12 త్రిభుజాలు. ఏనుగుకయితే వేలు కావాలి. వాటి మీద చర్మం ఫోటో అతికిస్తారు, దీపావళి డబ్బాకి రంగు కాగితం చుట్టినట్టు. మీరు మౌస్‌తో ఏనుగుని తిప్పినప్పుడల్లా, ప్రతి త్రిభుజం మూల తెర మీద ఎక్కడ పడుతుందో, ఒక్కో చుక్కకీ ఏ రంగు వెయ్యాలో కంప్యూటర్ కొత్తగా లెక్క కడుతుంది. సెకనుకి 60 సార్లు.

ఇంత చేసినా చివరికి తెర మీద పడేది బల్లపరుపు బొమ్మే. లోతు మన మెదడు ఊహించుకునేది. ఒక కన్ను మూసుకుని, రెండు చేతుల్లో రెండు పెన్సిళ్ళు పట్టుకుని మొన మొన తాకించడానికి ప్రయత్నించండి. తడబడతారు. లోతు కొలవడానికి మనకి రెండు కళ్ళూ కావాలి. మామూలు తెర రెండు కళ్ళకీ ఒకే బొమ్మ చూపిస్తుంది. మౌస్ కూడా బల్ల మీద అటూ ఇటూ కదులుతుందే తప్ప పైకి లేవదు. అంటే బల్లపరుపు తెర మీద, బల్లపరుపు మౌస్‌తో, లోతుగా ఉన్న చోట తిరగమని మనం మనిషిని అడుగుతున్నాం. వెబ్ పేజీల వాడకం మీద చాలాకాలంగా రాస్తున్న జేకబ్ నీల్సన్ 1998లోనే ఈ కారణాలు చెప్పి, చాలా పనులకి రెండు కొలతలే మేలన్నాడు. అప్పట్లో మా ఆఫీసులో అతన్ని ఛాందసుడని నవ్వుకున్నారు.

నేను ఈ దేశం వచ్చింది 1997లో, ఇంజనీరింగ్ డ్రాయింగుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీకి. నా బల్ల మీద నీలం రంగు సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రం ఒకటి ఉండేది. దాని ఖరీదు విని మా నాన్నగారు ఫోన్‌లో "జాగ్రత్త, దాని దగ్గర కాఫీ తాగకు" అన్నారు. అప్పుడు అందరి నోటా ఒకటే మాట: వీఆర్ఎంఎల్. 1994లో జెనీవాలో మొదటి వెబ్ మహాసభ జరిగినప్పుడు మొలకెత్తిన ఆలోచన అది. మార్క్ పెస్, టోనీ పరీసీ అనే ఇద్దరు అంతకుముందే ఒక నమూనా తయారుచేశారు. పేరు పెట్టింది డేవ్ రాగెట్. 1997లో దానికి అంతర్జాతీయ ప్రమాణం హోదా కూడా వచ్చింది. పేజీలకి హెచ్‌టీఎంఎల్ ఎలాగో, త్రీడీ లోకాలకి ఇది అలాగ అన్నమాట. నాలుగు పంక్తులు టైపు చేస్తే తెర మీద ఎర్ర బంతి లేచి నిలబడేది. ఆ రాత్రి మా గదిలో ఉన్న నలుగురం ఆ బంతిని ఎంతసేపు తిప్పామో లెక్క లేదు.

మరి ఏమయింది? మూడు సంగతులు దాన్ని పడేశాయి. చూడాలంటే బ్రౌజర్‌కి విడిగా ప్లగిన్ తగిలించుకోవాలి. ఇంట్లో ఉన్న మోడెమ్ వేగం, అంతా సవ్యంగా ఉంటే, 56 కిలోబిట్లు. ఒక్క మెగాబైట్ దిగడానికి రెండున్నర నిమిషాలు, ఆ మధ్యలో ఇంట్లో ఎవరైనా ఫోన్ ఎత్తారా, గోవిందా. మామూలు కంప్యూటర్లలో త్రిభుజాల లెక్క కట్టే ప్రత్యేకమైన చిప్ లేదు. ఇవన్నీ దాటుకుని లోపలికి వెళ్తే కనిపించేది ఏమిటి? ఖాళీ హాలు, నాలుగు తలుపులు, ఒక్కో తలుపు మీద ఒక్కో లింకు. పేజీలో నాలుగు వరసల్లో అయిపోయేదానికి హాలంతా నడవాలి. నా ఉద్దేశంలో వీఆర్ఎంఎల్‌ని చంపింది మోడెమ్ కన్నా ఆ ఖాళీ హాలే.

తరవాతి కథ గబగబా చెబుతాను. 2001లో షాక్‌వేవ్‌లో త్రీడీ వచ్చింది. 2019లో షాక్‌వేవే పోయింది. 2003లో సెకండ్ లైఫ్ వచ్చింది, అదింకా ఉంది, కానీ అది పుట్టింది బ్రౌజర్‌లో కాదు, విడిగా దించుకునే ప్రోగ్రామ్‌గా. 2008 జులైలో గూగుల్ 'లైవ్లీ' అని వెబ్ పేజీల్లో అతికించుకునే త్రీడీ గదులు మొదలుపెట్టి, అదే ఏడాది డిసెంబరు 31న తలుపులు మూసేసింది. ఆర్నెల్లు కూడా నిలవలేదు. అక్కడ గదులు అలంకరించుకున్నవాళ్ళ సరదా అంతటితో సరి. 2021లో ఫేస్‌బుక్ తన పేరే మెటా అని మార్చుకుంది. ఆ సందడి మీకందరికీ గుర్తుండే ఉంటుంది.

ఈ హడావుడికి దూరంగా అసలు పని నిశ్శబ్దంగా జరిగిపోయింది. మొజిల్లాలో వ్లాదిమిర్ వుకిచెవిచ్ అనే ఇంజనీరు 2006లో మొదలుపెట్టిన ప్రయోగం పెరిగి పెద్దదై, 2011 మార్చిలో వెబ్‌జీఎల్ అనే ప్రమాణంగా వెలువడింది. దీంతో బ్రౌజర్ నేరుగా గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడగలదు, ప్లగిన్ అక్కరలేదు. ముక్కూ మొహం తెలియని వెబ్ పేజీకి మన యంత్రం లోపలి చిప్‌ని అప్పగించడం ప్రమాదమని మైక్రోసాఫ్ట్ ఆ ఏడాదే అభ్యంతరం చెప్పింది. ఆ భయంలో నిజం ఉంది కూడా. బ్రౌజర్లు కాపలా గట్టి చేశాక, 2013లో మైక్రోసాఫ్ట్ కూడా తన బ్రౌజర్‌లో పెట్టింది. మరుసటి ఏడాది ఐఫోన్‌లోకి వచ్చింది. రికార్డో కబెల్లో 2010లో విడుదల చేసిన త్రీ.జేఎస్ అనే ఉచిత ఉపకరణం వల్ల స్కూలు పిల్లలు కూడా త్రీడీ పేజీ రాయగలుగుతున్నారు. 2023 మేలో క్రోమ్‌లో వెబ్‌జీపీయూ అనే కొత్త తరం కూడా వచ్చింది. కాబట్టి 'చెయ్యగలమా' అన్న ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. మిగిలింది 'చెయ్యాలా' అన్నదే.

దానికి జవాబు చెప్పే ముందు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాక, అమ్మనీ ఆయన్నీ గుంటూరు నుంచి హైదరాబాదులో మా చెల్లెలి ఇంటి దగ్గరికి మార్చాలనుకున్నాం. కట్టబోయే అపార్ట్‌మెంట్లు వెతుకుతుంటే ఒక బిల్డర్ వెబ్‌సైట్‌లో త్రీడీ నడక దొరికింది. చూడముచ్చటగా ఉంది. తలుపు తెరుచుకుంటుంది, హాల్లోకి ఎండ పడుతుంది, బాల్కనీలోంచి పచ్చని పార్కు. మా ఆవిడ వంటగదిలో మూడుసార్లు తిరిగి "ప్లాట్‌ఫాం ఎత్తు అత్తయ్యగారికి సరిపోతుందా?" అంది. ఆ ప్రశ్నకి ఆ త్రీడీలో జవాబు లేదు. అంత అందమైన ఇంట్లో ఎక్కడా ఒక్క అంకె లేదు.

గ్రాఫిక్స్ పనిలో ఉన్నవాడికి ఆ ఎండ వెనక ఏముందో తెలుసు. కెమెరా కోణం కాస్త వెడల్పు చేస్తే పదడుగుల గది పదిహేనడుగుల గదిలా కనిపిస్తుంది. సోఫాని మామూలు కన్నా కాస్త చిన్నగా గీస్తే హాలు పెద్దదవుతుంది. పార్కులో చెట్లు నాటిన రోజే మాన్లయిపోతాయి. మా బావగారు ఒక ఆదివారం వెళ్ళి చూసొచ్చారు. ఆ 'పార్కు' చోట పక్కవాళ్ళ పిల్లర్లు అప్పటికే లేచి ఉన్నాయట. మాకు అసలు అక్కరకొచ్చింది అదే వెబ్‌సైట్‌లో ఒక మూల, చిన్న అక్షరాల కింద ఉన్న ఫ్లోర్ ప్లాన్. నలుపూ తెలుపూ గీతలు. దాన్ని పెద్దది చేసి చూస్తే బాత్రూమ్ తలుపు 2 అడుగుల 3 అంగుళాలు. అంటే 27 అంగుళాలు. అందులో చట్రం, తలుపు మందం పోగా నాన్నగారి కుర్చీ పట్టదు, పట్టినా చక్రం తిప్పే చేతులు గీసుకుపోతాయి. గోడలు లేవకముందే అడిగాం కనక మూడడుగుల ద్వారం పెట్టించగలిగాం. రోజుకి నాలుగైదుసార్లు ఆయన దాటాల్సిన గడప అది.

కాబట్టి ఇక్కడినుంచి ఇండియాలో ఇల్లు కొనేవాళ్ళకి నా మనవి: త్రీడీ చూడండి, ఆనందించండి, కానీ కొలతలున్న ప్లాన్ అడిగి తీసుకోండి. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా ఎంతో చెప్పి తీరాలంటుంది, అదీ అడగండి. ఇంకొక తేడా గమనించండి. ఉన్న ఇంటిని కెమెరాతో స్కాన్ చేసి చూపించే త్రీడీ వేరు, కట్టని ఇంటిని గీసి చూపించే త్రీడీ వేరు. మొదటిది ఫోటో లాంటిది, రెండోది పెళ్ళిపత్రిక మీద బొమ్మ లాంటిది.

అయితే త్రీడీ ఎక్కడ తగును? మనం నిజంగా చేత్తో తీసుకుని తిప్పి చూడాలనుకునే వస్తువు దగ్గర. 2010 డిసెంబరులో గూగుల్ మనిషి శరీరాన్ని బ్రౌజర్‌లో పెట్టింది. చర్మం తీస్తే కండరాలు, కండరాలు తీస్తే ఎముకలు. తరవాత అది జైగోట్ బాడీ అన్న పేరుతో కొనసాగింది. మోకాలు ఆపరేషన్ చేయించుకోబోయే అత్తగారికి డాక్టరు చెప్పింది అర్థం కాకపోతే, తిరిగే మోకాలు బొమ్మ చూపించండి, పది వాక్యాల పని అవుతుంది. ప్రోటీన్ల ఆకారాలు భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో 7 ఆకారాలతో మొదలై 2023కి 2 లక్షలు దాటింది. మందుల పరిశోధన చేసే మనవాళ్ళకి ఇవి ఇప్పుడు బ్రౌజర్‌లోనే తిరుగుతాయి. మెలికలు తిరిగిన ప్రోటీన్‌ని బల్లపరుపు బొమ్మలో చూపించడం, ఉండ చుట్టిన దారాన్ని ఫోటోలో చూసి విప్పమనడం లాంటిది.

పిల్లలకి నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. చంద్రుడి మీదికి మనుషుల్ని మొదటిసారి తీసుకెళ్ళిన అపోలో 11లో 'కొలంబియా' అనే భాగం స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. మ్యూజియంకి వెళ్ళినా దాని లోపలికి ఎక్కనివ్వరు. 2016లో దాన్ని స్కాన్ చేసి వెబ్‌లో పెట్టారు. ఇప్పుడు మీరు ఇంట్లో కూర్చుని లోపలికి వెళ్ళొచ్చు. గోడల మీద వ్యోమగాములు చేత్తో రాసుకున్న అంకెలు, రోజులు కొట్టేసుకున్న చిన్న క్యాలెండరు కనిపిస్తాయి. ఇక్కడ త్రీడీ లేకపోతే ఆ చోటే మనకి లేదు.

చదవాల్సిన చోట మాత్రం త్రీడీ అడ్డు. అందులోనూ తెలుగుకి మరీ అడ్డు. ఇది చాలామందికి తెలియని సంగతి కనక కాస్త వివరిస్తాను. మామూలు పేజీలో 'స్త్రీ' అని రాస్తే, సకి తవత్తు, రవత్తు, ఈత్వం ఎక్కడెక్కడ తగిలించాలో బ్రౌజర్ చూసుకుంటుంది. ఆ నేర్పు బ్రౌజర్లకి రావడానికి ఏళ్ళు పట్టింది. త్రీడీ అక్షరాలు తయారుచేసే మామూలు పనిముట్లకి ఆ నేర్పు లేదు. అవి ఇంగ్లీషు అక్షరాలకి చేసినట్టు ఒక్కో గుర్తునీ విడివిడిగా పక్కపక్కన నిలబెడతాయి. 'అమ్మ' అని రాస్తే వత్తు కిందికి దిగదు, మధ్యలో ఒక పొల్లు తగులుకుని విరిగిపోతుంది. దీనికి చిట్కా ఉంది: ముందు తెలుగుని బల్లపరుపు బొమ్మగా గీయించి, ఆ బొమ్మని త్రీడీ గోడకి అతికించడం. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అది ఇక బొమ్మే, అక్షరం కాదు. వెతికితే దొరకదు, కాపీ చెయ్యలేం, చూపు లేనివాళ్ళకి పేజీ చదివి వినిపించే ప్రోగ్రామ్‌కి అక్కడ ఏమీ లేనట్టే.

ఇక మా సంఘం గొడవకి వస్తాను. మా యువ కార్యవర్గం వాళ్ళు, పాత వెబ్‌సైట్ తీసేసి 'మన ఊరు' అని ఒక త్రీడీ పల్లెటూరు కడదామంటున్నారు. రచ్చబండ దగ్గర నొక్కితే కార్యక్రమాలు, గుడి దగ్గర పండగలు, బడిలోకి వెళ్తే తెలుగు పాఠాలు. దాతలు ఇచ్చిన సొమ్ములో పెద్ద భాగం దీనికి అయిపోతుంది. "పిల్లలు మైన్‌క్రాఫ్ట్, రోబ్లాక్స్ ఆడుతూ పెరిగారంకుల్, వాళ్ళకి పేజీలు చూపిస్తే ఎవరు చూస్తారు?" అని నన్ను నిలదీశాడు ఒక కుర్రాడు. న్యాయమైన ప్రశ్నే. ఊరికే కొట్టిపారెయ్యను. కానీ మా అమ్మాయి మైన్‌క్రాఫ్ట్ ఆడేటప్పుడు పక్కన కూర్చుని చూశాను. దానికి ఆ లోకం నచ్చింది తిరగడానికి కాదు, కట్టడానికి. తనే తవ్వుతుంది, తనే గోడ పెడుతుంది, పడగొడుతుంది. మనం కట్టి పెట్టిన పల్లెటూళ్ళో తను చేసేది ఏముంది? ఒక్కసారి చుట్టూ తిరిగొచ్చి "బాగుంది డాడీ" అంటుంది. వీఆర్ఎంఎల్ ఖాళీ హాలు మళ్ళీ అదే.

పైగా మా సంఘంలో వారం వారం వెబ్‌సైట్ చూసేవాళ్ళు ఎవరో మాకు తెలుసు. ఉగాది కార్యక్రమానికి కారు పార్కింగ్ ఎక్కడో చూసుకునే తల్లిదండ్రులు, కొడుకు వాడి పడేసిన పాత టాబ్లెట్‌లో సత్సంగం టైము చూసుకునే బామ్మలు. వాళ్ళకి తేదీ, చోటు, ఫోన్ నంబరు కావాలి. తేదీ కోసం రచ్చబండ దాకా నడవమంటే ఎలా? ఇంకో భయం కూడా ఉంది. 1990ల్లో సెర్న్‌లో పెట్టిన మొట్టమొదటి వెబ్ పేజీ ఇవాళ్టి ఫోన్‌లో తెరిచినా చక్కగా చదువుకోవచ్చు. అప్పటి త్రీడీ లోకాలు తెరవాలంటే పాత ప్లగిన్ల కోసం పురావస్తు తవ్వకాలు జరపాలి. కట్టినవాళ్ళు ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్ళిపోయాక ఆ పల్లెటూరిని ఎవరు నిలబెడతారు?

నేను కార్యవర్గం ముందు పెట్టిన ప్రతిపాదన ఇది. పేజీలు పేజీల్లాగే ఉండనివ్వండి, తెలుగు అక్షరం అక్షరంలాగే ఉండనివ్వండి. వాటి మధ్య తిప్పి చూడదగ్గ వస్తువులు పెట్టండి. అవి పిల్లలే తయారుచేస్తారు. ప్రతి ఇంట్లోనూ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నవి ఏవో ఉన్నాయి: దశావతారాల సెట్టు, ఏటికొప్పాక లక్కపిడతలు, అమ్మమ్మ కాఫీ ఫిల్టరు, రోకలి లేకుండా వచ్చిన చిన్న రోలు. పిల్లవాడు ఒక వస్తువు చుట్టూ తిరుగుతూ ఫోన్‌తో ఫోటోలు తీస్తాడు, దాన్ని త్రీడీ చేస్తాడు, దాని కథ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి తెలుగులో పది వాక్యాలు కింద రాస్తాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ పది వాక్యాల మీదే ఆశ. దీనికి ఖర్చు పల్లెటూరిలో పదో వంతు కూడా కాదు. ఓటింగు వచ్చే సర్వసభ్య సమావేశంలో ఉంది. ఏమవుతుందో చూడాలి. ఆ కుర్రాడు మాత్రం "రెండూ చేద్దాం అంకుల్" అంటున్నాడు.

ఓటింగుతో పనిలేకుండా, ఆ రోజు మధ్యాహ్నం హాలు వెనక గదిలో పిల్లలకి నేనొక చిన్న తరగతి పెడుతున్నాను. పదేళ్ళు దాటినవాళ్ళు ఎవరైనా రావచ్చు. తలా ఒక వస్తువు తెచ్చుకోండి. కొండపల్లి బొమ్మలు దీనికి చాలా అనువు. తెల్లపొణికి కర్ర మీద రంగు వేసినవి కనక పెద్దగా మెరవవు. ఏటికొప్పాక లక్క మెరుస్తుంది, ఇత్తడి బిందె మరీనూ. మెరిసే వస్తువుల్లో చుట్టూ ఉన్న గది ప్రతిబింబిస్తుంది, మనం కదిలినప్పుడల్లా ఆ మెరుపూ కదులుతుంది, పాపం కంప్యూటర్ తికమకపడుతుంది. బొమ్మని కిటికీ పక్కన స్టూలు మీద పెట్టి, దాన్ని కదపకుండా మీరే చుట్టూ తిరగాలి. ఒక చుట్టు ఎత్తునుంచి, ఒకటి సమంగా, ఒకటి కిందనుంచి, మొత్తం 50, 60 ఫోటోలు. ఒక ఫోటోలో కనిపించింది చాలావరకు పక్క ఫోటోలోనూ కనిపించాలి. మొదట తయారైన ఫైలు పదుల మెగాబైట్లు ఉంటుంది. దాన్ని బామ్మగారి టాబ్లెట్‌లో తెరుచుకునేంత చిన్నది చెయ్యడం కూడా ఆ రోజే నేర్పిస్తాను. చార్జర్ మర్చిపోకండి. బొమ్మని తువ్వాలులో చుట్టి తీసుకురండి, చెయ్యి విరిగితే మీ అమ్మ నన్ను అడుగుతుంది.